గుట్ట మునిగే దూరం

నిన్న సాయంత్రం ఎదురు ఫ్లాటు అమ్మాయి పదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చింది. తీరాన ఇంత ఎత్తు దీపస్తంభం ఉంది, ఒక ఓడ తీరం నుంచి దూరంగా పోతోంది, ఎంత దూరం పోయాక ఆ స్తంభం ఓడవాళ్ళకు కనిపించకుండా పోతుంది అని ప్రశ్న. ఆ పిల్ల చదవడం పూర్తి చేయకముందే, "ఎత్తు మీటర్లలో తీసుకో. దాని వర్గమూలాన్ని మూడు పాయింటు ఆరుతో గుణించు. కిలోమీటర్లు వస్తాయి," అన్నాను.

"మా సార్ భూగోళం గీసి, త్రిభుజం గీసి, పీరియడంతా చెప్పారు. మీరిలా ఎలా చెప్పేశారు బామ్మగారూ?" అంది.

"చిన్నప్పుడు చేశాం," అన్నాను.  పిల్ల వెళ్ళాక అన్నం తినబుద్ధి కాలేదు.

నేను లెక్కలు చెప్పి బతికినదాన్ని. ఏది ఎప్పుడు జరిగిందో రాసి పెట్టుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు. అయినా ఇక్కడ తేదీలు వేయను, పేర్లు రాయను. ఆ ఇళ్ళవాళ్ళ పిల్లలూ మనవలూ ఈ విశాఖపట్నంలోనే తిరుగుతున్నారు. వాళ్ళకి తెలిసింది వాళ్ళకి తెలుసు.

మా అమ్మానాన్నా హార్బరు దగ్గర పనిలో ఉండేవారు. నన్ను చదువు కోసం అమ్మమ్మ ఊళ్ళో ఉంచారు. భీమిలి వైపు, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఇళ్ళకు తూర్పున సముద్రం, పడమట ఎర్రమట్టి గుట్ట. గుట్ట అంటే పెద్ద కొండేమీ కాదు. కానీ దాని వెనక ఏరు పారే పల్లం ఉండడం వల్ల, ఆ ఒక్కచోట కొండల వరసలో సందు ఉండేది. సముద్రం మీద నుంచి చూస్తే ఆ సందులో ఆకాశానికి ఆనుకుని మా గుట్ట ఒక్కటే నల్లగా కనిపించేదట. చలి మొదలయ్యే రోజుల్లో పొద్దు సరిగ్గా దాని వెనకే గుంకేది.

మగవాళ్ళు మధ్యాహ్నం చోడి అంబలి తాగి, ఎండు చేప ముక్క కొరుక్కుని, పక్కగాలికి తెరచాప ఎత్తి తెప్పల మీద వెళ్ళేవారు. తెప్ప అంటే దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టినదే. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలు ఆరబెట్టాలి, వెళ్ళేముందు మళ్ళీ కట్టాలి. వాళ్ళు వెళ్ళేది రాతినేల మీద గాలాలు వేయడానికి. అది చాలా దూరం. ఒడ్డుకీ రాతినేలకీ నడుమ ఓడలు పోయే దారి ఉంది. వెలుతురు ఉండగానే ఆ దారి దాటేసి, అవతల రాతినేల మీద రాత్రంతా ఉండి, పొద్దున్న తిరిగి రావాలి. దారి దాటామో లేదో ఎలా తెలుస్తుంది? దానికి గుట్టే గుర్తు. తెప్ప మీద కూర్చుని వెనక్కి చూస్తే గుట్ట కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగుతూ ఉంటుంది. దాని నెత్తి కూడా కనబడకుండా పోతే "గుట్ట మునిగింది" అనేవారు. గుట్ట మునిగితే ఓడల దారి దాటినట్టే. అప్పుడు లంగరు రాయి వేసేవారు. మా అమ్మమ్మ తాతల నాటి నుంచి అంతే.

పొద్దున్న ఒడ్డుకు వచ్చినవాళ్ళను ఎవరూ ఎన్ని చేపలు పడ్డాయని ముందు అడగరు. "గుట్ట ములిగినాదా?" అనే అడుగుతారు. "ములిగినాది," అనాలి. ఆ తరవాతే తట్టలు దింపడం.

ఆ గుట్టనే తవ్వడం మొదలుపెట్టారు. పట్నంలో పల్లపు నేలలు ఎత్తు చేయడానికి మట్టి కావాలని ఎవరో కాంట్రాక్టరు వచ్చాడు. లారీల దారి కోసం ముందు తాడిచెట్లు కొట్టేశారు. ఆ వేసవి మాకు ముంజలు లేవు. పిల్లలం దానికే ఏడ్చాం. తవ్వేది గుట్ట వెనక వైపు. ఊరికి ఎదురుగా ఉన్న ముఖం మీద కలేకాయ పొదలు, ఈత పొదలు ఎప్పటిలాగే ఉండేవి. మట్టి మోసింది ఎవరనుకున్నారు? మా ఊరి ఆడవాళ్ళే. చేపలు లేని రోజుల్లో కూలి దొరికిందని సంబరపడ్డారు. మా అమ్మమ్మ కూడా తట్ట పట్టింది. సాయంత్రం ఆమె చీర నుంచి ఎండు చేపల వాసనకు బదులు పచ్చి మట్టి వాసన వచ్చేది. నాకు ఆ వాసన ఇష్టంగా ఉండేది.

ఇంకో సంబరం కూడా ఉంది. చేపలు ఆరబెట్టే మా పెరట్లో సాయంత్రం గుట్ట నీడ పడేది. ఆ ఏడు నీడ ఆలస్యంగా రావడం మొదలైంది. చేపలకు ఎక్కువసేపు ఎండ తగిలి గలగలలాడేలా ఎండేవి. "ఈయేడు అమ్మోరు మన మీద సల్లంగా సూసింది," అని అమ్మమ్మ అందరితో చెప్పింది.

మా బడికి పట్నం నుంచి బస్సులో ఒక సైన్సు టీచరు వచ్చేవారు. చిన్నావిడే. నూనె రాసి బిగించి అల్లిన జడ, చేతిలో ఎప్పుడూ గొడుగు. పుస్తకంలో లెక్కలు చేయిస్తూనే, "ఇప్పుడు బయటికి వెళ్ళి చూసి రండి," అనేవారు. నీటి మట్టం పాఠం వచ్చినప్పుడు గుట్ట ఎత్తు కొలవమన్నారు. రెండు చివర్లా గాజు గొట్టాలు తొడిగిన పొడుగాటి రబ్బరు గొట్టం, మీటరు కర్ర ఇచ్చారు. గొట్టం నిండా నీళ్ళు పోస్తే రెండు చివర్లా నీరు ఒకే మట్టంలో నిలబడుతుంది కదా. కింద ఒకరు, పైన ఒకరు నిలబడి, కర్ర ఎత్తుకు కర్ర ఎత్తు ఎక్కుతూ పోవాలి. అలల గీత దగ్గర మొదలుపెట్టి నెత్తి దాకా ఎన్ని కర్రలైతే అన్ని మీటర్లు. నీళ్ళు బాగా కనబడాలని అందులో నీలిమందు కలిపాం.

నా జత నా స్నేహితురాలు. మా పక్క వీధి పిల్ల. నాకన్నా చురుకైంది, నాకన్నా అల్లరిది. కలేకాయలు కోసి ఉప్పు అద్దుకుని తినే నెపంతో నన్ను ప్రతి పొద దగ్గరా ఆపింది. నీలిమందు నీళ్ళు నోట్లో పోసుకుని నాలుక బయటపెట్టి, కింద మట్టి మోస్తున్న వాళ్ళమ్మను హడలగొట్టింది.

"ఓలమ్మో, గుంటకి ఏటయినాది!" అని తట్ట కింద పడేసి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక వీపు మీద రెండు వాయించింది. "ఇదేనేటే సదువు? నాలిక్కి రంగులేసుకోడానికా బళ్ళోకి ఎల్తన్నావు?"

మా లెక్క పదహారు కర్రలు వచ్చింది. పుస్తకంలో రాసి చూపించాం. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'ఇరవై ఐదు' అని రాశారు. "మీకన్నా రెండేళ్ళు ముందున్న తరగతి చేత నేనే దగ్గరుండి కొలిపించాను. మీరు కలేకాయలు తింటూ లెక్క తప్పారు. మళ్ళీ వెళ్ళండి," అన్నారు.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి కలేకాయల జోలికి పోలేదు. మళ్ళీ పదహారే వచ్చింది. మూడోసారి టీచరు గొడుగు మూసి తనే మాతో వచ్చారు. కర్ర కర్రకూ పైకి లెక్కపెట్టారు. నెత్తికి చేరాక అవతలి వైపు తొంగి చూశారు. అవతల ఏమీ లేదు. మేం నిలబడ్డ చోటు నుంచి మట్టి కోసిన గోడలా నిట్టనిలువుగా కింద లారీల దాకా దిగిపోయింది. వెనక తవ్వుతుంటే వానలకు నెత్తి జారి జారి పడిపోయింది. ముందు నుంచి పొదలు చూసుకుంటూ మేమంతా గుట్ట ఉందనుకున్నాం.

టీచరు మా ఇద్దరి చేతులూ పట్టుకుని వెనక్కి లాగారు. కిందకు దిగాక మా పుస్తకంలో కొట్టివేత పక్కన మళ్ళీ 'పదహారు' అని రాసి సంతకం పెట్టారు. మాకు మార్కులు వచ్చాయని సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు.

తరవాతి పాఠం జీవావరణం. ఏ జీవి ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, దాన్ని ఏది తింటుంది. "మీకు పులీ జింకా ఎందుకు? ఒడ్డుకు వెళ్ళి తట్టల్లో ఏమేం ఉన్నాయో చూడండి. ఏ చేప రాతినేలదో, ఏది బురదనేలదో మీ పెద్దవాళ్ళను అడిగి రాయండి," అన్నారు.

పొద్దున్నే తెప్పలు వచ్చే వేళకు పలకలు పట్టుకుని ఒడ్డున చేరాం. ఆడవాళ్ళు మమ్మల్ని ఆడుకున్నారు.

"ఏటే, తట్టల్లో తలకాయలు దూర్చేస్తన్నారు? మీ టీచరమ్మకి పులుసుకి తక్కువైనాదేటి?"

"సేపలకి పరీచ్చలెట్టారేమో పిన్నీ! ఈ గొరస పేసయినాదో నేదో అడుగు."

గొరస బురదనేల చేప. పురుగులూ చిన్న రొయ్యలూ తిని బతుకుతుంది. రాళ్ళ సందుల్లో ఉండేది బొంత. మావాళ్ళు అంత దూరం వెళ్ళేది బొంతల కోసమే. మేం రాసుకున్న దాంట్లో నాలుగు వంతుల్లో మూడు వంతులు గొరసలే. టీచరు పలక చూసి, "వీళ్ళు రాతినేలకు వెళ్ళలేదా?" అని అడిగారు.

"ఎల్లారండి. గుట్ట ములిగినాదని సెప్పారండి," అంది నా స్నేహితురాలు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మావయ్యను అడిగాను. మా మావయ్య అమ్మమ్మకు ఒక్కడే కొడుకు. అరుగు మీద కూర్చుని గాలాలకు తాడు ముడి వేస్తున్నాడు. పక్కన నా స్నేహితురాలి నాన్న ఉన్నాడు. మావయ్యకు వరసకు బావ. పెద్ద నవ్వుమనిషి, నవ్వితే ఒడ్డుకు వినబడేది.

"రాతినేల మీద గొరసలేటి మావా?" అన్నాను.

"సేపలు లోపలికి ఎలిపోనాయే కోడలా. సముద్రం మారిపోతంది," అన్నాడు మావయ్య. "లంగరు రాయికి బురదంటుకుని ఒస్తంది. ఏటి వరద బురద తెచ్చి రాళ్ళ మీద కప్పెట్టేసినాది."

"తాడు కూడా మిగిలిపోతంది బావా," అన్నాడు స్నేహితురాలి నాన్న. "ఇదివరకు నా తాడు మొత్తం దిగీది. ఇప్పుడు రెండు బారలు సేతిలోనే ఉంటంది. ఇసక మేటేసినట్టుంది."

"ఓడలు కూడా దారి మార్చేసాయి. మొన్న రేతిరి ఒకటి ఎంత దగ్గిరగా ఎల్లిందనుకున్నావు? దాని పొగవాసన ముక్కుకి తగిలినాది."

"నీ సుట్ట వాసనకి అదే భయపడి పారిపోనాది లేరా," అని ఆయన నవ్వాడు. మావయ్యా నవ్వాడు.

చేపలు మారాయి, నేల మారింది, లోతు మారింది, ఓడలు మారాయి. వాళ్ళు అలా ఒక్కొక్కటీ చెబుతుంటే నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎందుకో అప్పటికి తెలియదు. లెక్కలో అన్ని అంకెలూ తప్పాయనిపిస్తే, తప్పు వాటిలో ఉండదు, మొదట తీసుకున్న అంకెలో ఉంటుంది. ఆ సంగతి తరవాత చాలామంది పిల్లలకు చెప్పాను.

మర్నాడు బడిలో టీచరు కడవ ఒకటి బోర్లించి, దాని మీద అగ్గిపుల్ల నిలబెట్టి, మైనంతో అంటించారు. "ఇది భూమి. ఇది మీ గుట్ట. చీమ ఇటు నుంచి నడుచుకుంటూ పోతే ఎక్కడ పుల్ల కనబడకుండా పోతుంది? పుల్ల సగానికి విరిస్తే ఎక్కడ పోతుంది?" అన్నారు. విరిచి చూపించారు. ఆ తరవాత బోర్డు మీద సూత్రం రాశారు.

ఇరవై ఐదుకు వర్గమూలం అయిదు. మూడు పాయింటు ఆరుతో గుణిస్తే పద్దెనిమిది కిలోమీటర్లు. పదహారుకు నాలుగు. పద్నాలుగు పాయింటు నాలుగు. తెప్ప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తు మీటరు, దాని వల్ల రెండింటికీ మూడు పాయింటు ఆరు కలపాలి. అంటే పాత గుట్ట ఇరవై ఒకటిన్నర దాటాక మునిగేది. ఇప్పటి గుట్ట పద్దెనిమిదికే మునుగుతోంది.

నా స్నేహితురాలు నాకన్నా ముందు పలక మీద సున్నా చుట్టింది. పలక కింద పెట్టి లేచి నిలబడింది. "టీచర్‌గారూ, మా అయ్యోళ్ళు ఓడల దారి దాటట్లేదండి. దారి మీదే పడుకుంటన్నారండి," అంది.

టీచరు సుద్దముక్క కింద పెట్టారు. ఆ గదిలో నేను తప్ప అందరి నాన్నలూ సముద్రం మీదే ఉంటారు.

ఆ ఆదివారం టీచరు సెలవైనా బస్సెక్కి వచ్చి ఊరి పెద్దలతో మాట్లాడారు. వాళ్ళు గౌరవంగా కుర్చీ వేశారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు, అంతా విన్నారు. "తమరు సెప్పింది బాగుందమ్మగోరూ. అయితే గుట్ట అబద్దం ఆడదండి. మా తాతల కాడ్నుంచీ ఆడలేదండి," అని ఒక పెద్దాయన చేతులు జోడించాడు. వెళ్ళేటప్పుడు ఆవిడకు ఒక బొంతను ఆకుల్లో చుట్టి ఇచ్చారు. ఆ రోజు పడిన ఒకే ఒక బొంత అది.

మా ఇంట్లో అమ్మమ్మకు నేనే చెప్పాను. మా వైపు ముసలాడవాళ్ళు చుట్టను అడ్డపొగ తాగుతారు. నిప్పున్న కొస నోటి లోపల ఉంటుంది. చుట్ట నోట్లో ఉండగా వాళ్ళు మాట్లాడరు. అమ్మమ్మ పెరట్లో కూర్చుని పొగ పీలుస్తూ నా లెక్కంతా విన్నది. మధ్యలో ఒకసారి మాత్రం చేపలు ఆరబెట్టిన తడికల వైపు చూసింది. ఆ వేళప్పుడు వాటి మీద ఇంకా ఎండ ఉంది.

చుట్ట నోట్లోంచి తీసింది. "ఒరే," అని కొడుకును పిలిచింది. "ఈ యేలకి ఈ తడికిల మీద నీడ పడాల. పడ్లేదు. నాను అమ్మోరి దయనుకున్నాను. నా సేత్తోనే మట్టి మోసి, నా సేపలకి ఎండ ఒచ్చిందని మురిసిపోనాను. గుంట సెప్పింది నిజం."

"అయితే ఏటి సెయ్యమంతావే?"

"గుట్ట ములిగాక లంగరెయ్యకు. ఇంకా ముందుకెల్లు. ఎంత ముందుకే గుంటా?"

"మూడు పాయింటు ఆరు కిలోమీటర్లు," అన్నాను.

"అదేటో నాకు తెల్దు. ఎన్ని సుట్టలు?"

సముద్రం మీద దూరాన్ని చుట్టలతోనే చెప్పేవారు. పక్కగాలిలో ఒక చుట్ట కాలిపోయేలోగా తెప్ప ఎంత పోతే అంత దూరం ఒక చుట్ట. మావయ్యతో కూర్చుని లెక్క కట్టాను. రెండు చుట్టలు.

"గుట్ట ములిగినాక రెండు సుట్టలు కాల్చి అప్పుడెయ్యి రాయి. నా మీద ఒట్టు," అంది అమ్మమ్మ.

మావయ్య గొణిగాడు. దూరం పెరిగితే తిరిగొచ్చేసరికి బేరం పోతుందన్నాడు. కానీ తల్లి ఒట్టు దాటే మనిషి కాడు. నా స్నేహితురాలు కూడా వాళ్ళ నాన్నకు చెప్పింది. ఆయన ఒడ్డున అందరూ వినేలా నవ్వాడు. "మా గుంట నాకు సముద్రం నేర్పుతంది సూడండర్రా! పదహారంట, పాతికంట! సముద్రాన్ని పలక మీద కొలిచేసినాది!" అంటూ కూతుర్ని భుజం మీదకు ఎత్తుకుని నీళ్ళలోకి దింపుతానని బెదిరించాడు. ఆ పిల్ల ఆయన జుట్టు పట్టుకుని, "రెండు సుట్టలే అయ్యా, రెండే," అని అరుస్తూనే ఉంది. ఆయన ఆమెను దింపి, తెప్ప తోసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. మావయ్య తట్టలో మళ్ళీ బొంతలు రావడం మొదలైంది. మిగతావాళ్ళు అదృష్టమన్నారు. రాత్రిళ్ళు గాలి పడిపోయే రోజులు అవి. తెల్లవారుజామున సముద్రం మీద పట్నం వైపు నుంచి పొగలాంటి మంచు పాకి వచ్చేది. బడికి వెళ్ళే దారిలో ఓడ కూత వినబడితే మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆగేవాళ్ళం.  మళ్ళీ నడిచేవాళ్ళం.

ఒక పొద్దున్న తెప్పలన్నీ వచ్చాయి. ఒక్కటి రాలేదు. మావయ్య నీళ్ళలోంచి నడిచి వస్తూనే ఒడ్డున ఉన్న మనుషుల్ని లెక్కపెట్టుకుని, మళ్ళీ వెనక్కి చూశాడు. ఎవరో అలవాటుగా, "గుట్ట ములిగినాదా?" అని అడిగారు.  తరవాత ఆ తెప్ప దుంగలు ఒక్కొక్కటే కొట్టుకొచ్చాయి. ఒక దుంగ మీద కట్లు అలాగే ఉన్నాయి. దుంగ మాత్రం నడిమికి తెగింది. మనిషి దొరకలేదు.

ఆయన రాయి వేసిన చోటు మా మావయ్యకు తెలుసు. తను దాటుకుని వెళ్ళేటప్పుడు, "బావా, ఇంకా పద," అని పిలిచాడట. "నువ్వెల్లి కాల్చుకోరా నీ రెండు సుట్టలూ," అని ఆయన నవ్వాడట. మావయ్య ఈ మాట అమ్మమ్మకు ఒక్కదానికే చెప్పాడు. తలుపు చాటున ఉండి నేను విన్నాను.

ఊరు ఓడను తిట్టలేదు. కాంట్రాక్టరును తిట్టలేదు. "ముందే నోటితో అనేసినాది. అపశకునం మాట. ఆ గుంట నోరు మంచిది కాదు," అన్నారు. ఆ గుంటను నేను. తండ్రి పోయిన పిల్లను అనలేక నన్నన్నారు. టీచరు దగ్గర నేర్చుకుని చావును పిలిచానట. నన్ను చూస్తే తట్టల మీద గుడ్డ కప్పేవారు. బావి దగ్గర నా బిందె పక్కకు జరిపేవారు. టీచరు ఆ తరవాత ఎప్పుడూ మమ్మల్ని ఒడ్డుకు పంపలేదు. పుస్తకంలో లెక్కలే చేయించారు.

నా స్నేహితురాలు బడి మానేసింది. నాన్న పోయాక ఇంట్లో కూలి కావాలి. వాళ్ళమ్మతో కలిసి గుట్ట మీద మట్టి మోయడానికి వెళ్ళింది. మా అమ్మమ్మ తట్ట మానేసింది కానీ మిగతావాళ్ళు మానలేకపోయారు.

ఊరు నా నోరు మంచిది కాదన్నా, మగవాళ్ళు మాత్రం నా లెక్క వదల్లేదు. మధ్యాహ్నం తెప్పలు కట్టే వేళకు ఎవరో ఒకరు మా అరుగు ముందు నుంచి పోతూ, నన్ను చూడకుండా, గాలిలోకి అడిగినట్టు, "ఈయేల ఎన్ని సుట్టలో," అనేవారు. నేనూ గాలిలోకే చెప్పేదాన్ని. దానికి గుట్ట ఎత్తు తెలియాలి. గుట్ట రోజురోజుకీ తరిగిపోతోంది. ఆ ఎత్తు నాకు చెప్పింది నా స్నేహితురాలే. పని నుంచి పక్క వీధికి పోతూ మా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది. తల మీద ఖాళీ తట్ట, కనురెప్పల దాకా ఎర్రమట్టి. "ఇయ్యాల మూరెడు దిగినాది," అనేది.  వెళ్ళిపోయేది.

వర్గమూలం గుణం తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. ఇరవై ఐదు నుంచి పదహారుకు తొమ్మిది మీటర్లు పోతే రెండు చుట్టల దూరం పెరిగింది. పదహారు నుంచి తొమ్మిదికి ఏడు మీటర్లే, అయినా మళ్ళీ రెండు చుట్టలు. తొమ్మిది నుంచి నాలుగుకు అయిదు మీటర్లకే ఇంకో రెండు. తవ్వేవాళ్ళు ఎప్పటిలాగే తవ్వుతున్నారు. సముద్రం మీద మాత్రం ఒక్కొక్క తట్టకూ దూరం ముందటికన్నా ఎక్కువ పెరుగుతోంది. నేను చెప్పే అంకె పెరిగేకొద్దీ అరుగు ముందు నుంచి పోయేవాళ్ళు తగ్గారు. కొందరు హార్బరు కూలికి పోయారు. కొందరు పొద్దున్నే మట్టి లారీ ఎక్కి పట్నం వెళ్ళడం మొదలుపెట్టారు. చివరికి అడిగేవాడు మావయ్య ఒక్కడే మిగిలాడు.

ఒక సాయంత్రం నా స్నేహితురాలు వచ్చి తట్ట దింపింది. "ఇంక కొలవడానికేటీ నేదు. రోడ్డుతో సమానం అయిపోనాది," అంది.

మర్నాడు మధ్యాహ్నం మావయ్య ఒడ్డున దుంగల మధ్య కూర్చుని తాళ్ళు చేతిలో పట్టుకున్నాడు. "ఎన్నే కోడలా?" అన్నాడు.

"గుట్ట ఎత్తు సున్నా మావా. లెక్కలో నీ కంటి ఎత్తొక్కటే మిగులుతంది. అక్కడ్నుంచి పది సుట్టలు."

"పదా?" మావయ్య నవ్వబోయి ఆగాడు. "ఎనక్కి సూస్తే ఏటీ నేకుండా పది సుట్టలా?"  తాళ్ళు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. ఆ రోజు తెప్ప కట్టలేదు. ఆ తరవాత కూడా కట్టలేదు. హార్బరులో మూటలు మోసి, ముసలివాడై, మంచం మీద పోయాడు. మా అమ్మమ్మ ఒట్టుతో దక్కింది అంత.

మావయ్య లేచి ఇంటికి వెళ్ళాక నేను దుంగల మీదే కూర్చున్నాను. నా స్నేహితురాలు వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళ నాన్న పోయాక నా పక్కన కూర్చోవడం అదే మొదలు. కాళ్ళతో ఇసుక కెలుకుతూ, "ఒలే, నిజం సెప్పు," అంది. "మా అయ్య ఎన్ని సుట్టల దూరం తక్కువెల్లినాడు?"

"రెండు," అన్నాను.

తల ఊపింది. "ఆ రోజు మా అయ్యకి సుట్టలు నానే సుట్టి ఇచ్చినాను. మూడు," అంది.

రెండు దారికి, ఒకటి రాతినేల మీద కాల్చుకోవడానికి.